అదే సినిమా... ఈసారి అమ్మగా చూశాను

‘బెండ్ ఇట్ లైక్ బెక్‌హామ్’ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. గురిందర్ చద్దా తీసిన ఈ సినిమా 2002లో ఇంగ్లండ్‌లో విడుదలైంది. మన దేశంలో హిందీలోకి మార్చి ‘ఫుట్‌బాల్ షూట్‌బాల్ హాయ్ రబ్బా’ అని కూడా వదిలారు. లండన్ పడమటి కొసన, హీత్రో విమానాశ్రయానికి దగ్గర్లో ఉండే హౌన్స్లోలో ఒక పంజాబీ సిక్కు కుటుంబం. ఆ ఇంటి చిన్నమ్మాయి జెస్‌కి ఫుట్‌బాల్ పిచ్చి, గది నిండా బెక్‌హామ్ బొమ్మలు. ఇంట్లోవాళ్ళకేమో ఆ పిల్ల లా చదవాలి, వంట నేర్చుకోవాలి, అక్కలాగే బుద్ధిగా పెళ్ళి చేసుకోవాలి. దాచిపెట్టి ఆడటం, దొరికిపోవడం, ఏడుపులు, చివరికి గెలుపు... స్థూలంగా కథ ఇంతే.

నేను మొదటిసారి చూసినప్పుడు విజయవాడలో డిగ్రీ చదువుతున్నాను. హాస్టల్లో ఒకమ్మాయి తెచ్చిన సీడీ, ఒక్క కంప్యూటర్, దాని ముందు ఎనిమిది మందిమి. జెస్ గోల్ కొట్టినప్పుడల్లా ఈలలు వేశాం. ‘ఆ అమ్మేంటే బాబూ, ఎప్పుడు చూసినా అరుస్తూనే ఉంటుంది’ అని నవ్వుకున్నాం. మా అందరికీ అది ఒక ఆడపిల్ల స్వేచ్ఛ కథ. అమ్మానాన్నలు అందులో దాటాల్సిన గోడలు, అంతే.

ఇరవై ఏళ్ళు దాటాక, ఇదే ఇంగ్లండ్‌లో స్లౌలో ఉంటూ, పదమూడేళ్ళ మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని మళ్ళీ చూశాను. అది జెస్ వైపు నుంచి చూస్తోంది. నేను మాత్రం, నాకు తెలియకుండానే, సోఫాలో ఇంకోవైపుకి జరిగిపోయాను. ఈసారి నాకు కనిపించిన కథ వేరు. అది మీతో చెప్పుకోవాలనిపించింది.

నాన్న ‘వద్దు’ వెనక ఏముంది?

జెస్ నాన్న పాత్ర వేసింది అనుపమ్ ఖేర్. తలపాగా, పొందికైన మాట, ఎక్కువగా అరవడు. కూతురు ఆడటానికి వీల్లేదంటాడు. డిగ్రీ రోజుల్లో నేను దాన్ని మామూలు ఛాందసం అనుకున్నాను. కానీ కోచ్ జో ఇంటికి వచ్చి ‘మీ అమ్మాయికి మంచి ప్రతిభ ఉంది’ అన్నప్పుడు ఆయన చెప్పే మాటలు ఈసారి చెవిన పడ్డాయి. నైరోబీలో చదువుకునే రోజుల్లో ఆయన మంచి ఫాస్ట్ బౌలర్. ఇంగ్లండ్ వచ్చాక ఇక్కడి క్రికెట్ క్లబ్బుకి వెళితే తలపాగా చూసి ఎగతాళి చేసి పంపించేశారు. ఇక మళ్ళీ బంతి ముట్టలేదు. నాకు జరిగినట్టే నా బిడ్డకూ జరుగుతుంది, అనవసరంగా ఆశలు పెట్టకండి అని ఆయన బాధ.

అంటే ఆయన వద్దంటున్నది ఫుట్‌బాల్‌ని కాదు. ఆ క్లబ్బు గుమ్మం దగ్గర తనకి జరిగిన అవమానం కూతురికి జరగకూడదని. ఆ ముక్క ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ వివరంగా చెప్పలేదు. చెప్పని అవమానం కాస్తా ఇంట్లో ఒక రూలు అయి కూర్చుంది.

‘ఇప్పుడు కాలం మారింది నాన్నా, నాసర్ హుస్సేన్ ఇంగ్లండ్ కెప్టెన్ కదా’ అంటుంది జెస్. నిజమే, మద్రాసులో పుట్టిన నాసర్ హుస్సేన్ 1999 నుంచి 2003 దాకా ఇంగ్లండ్ కెప్టెన్. దానికి వాళ్ళమ్మ ‘వాళ్ళ సంగతి వేరు’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేస్తుంది. మన ఇళ్ళల్లోనూ ఇదే జవాబు. ఎవరి పిల్లలు ఏం సాధించినా వాళ్ళ సంగతి వేరు, మన సంగతి వేరు.

ఇక్కడ సినిమా బయటి సంగతి ఒకటి చెప్పాలి. ఈ సినిమా వచ్చిన నాలుగేళ్ళకి, 2006లో, నాగపూర్ టెస్టులో మాంటీ పనేసర్ ఇంగ్లండ్ తరఫున మొదటిసారి ఆడాడు. ఇంగ్లండ్ క్రికెట్ జట్టుకి ఆడిన తొలి సిక్కు. తలకి పట్కా కట్టుకునే బంతి వేశాడు. తీసిన మొదటి వికెట్ సచిన్ తెందూల్కర్‌ది! ఆ రోజు టీవీ ముందు జెస్ నాన్నలాంటి పెద్దాయన ఎవరైనా కూర్చుని ఉంటే ఎలా ఉండి ఉంటుందో అనుకున్నాను.

మనకెందుకు అనే మాట

మనందరికీ ఇలాంటి క్లబ్బు గుమ్మం ఒకటి ఉండే ఉంటుంది. నాదీ చెప్తాను. ఈ దేశం వచ్చిన కొత్తలో, మొదటి ఉద్యోగంలో, ఒక మీటింగ్‌లో నేను తయారుచేసిన పని నేనే వివరించాను. అయిపోయాక మా పైఅధికారి అందరి ముందూ, ఈసారి ఇంకెవరినైనా చెప్పమందాం, ఈమె యాస కస్టమర్లకి అర్థం కాకపోవచ్చు అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఆరేళ్ళపాటు ఆ ఆఫీసులో స్లైడ్లు తయారుచేయడం నా పని, నిలబడి చెప్పడం ఇంకొకరి పని. మావారికి కూడా ఈ సంగతి పూర్తిగా చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద విషయమా అనిపించింది.

మేం సినిమా చూసిన మరుసటి వారం మా అమ్మాయి వాళ్ళ కోచ్ కబురు చేశారు. పెద్ద జట్టు ఎంపికకి ఒక ట్రయల్ ఉంది, పంపుతారా అని. అక్కడికొచ్చే పిల్లల్లో చాలామంది ఐదేళ్ళప్పటి నుంచీ శిక్షణ తీసుకుంటున్నవాళ్ళు. మా పిల్ల మొదలుపెట్టి రెండేళ్ళే. ‘మనకెందుకమ్మా అంత పెద్దవాళ్ళతో’ అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చిన ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆ క్షణంలోనే తెలిసింది. అది మా అమ్మాయి కాళ్ళ గురించిన మాట కాదు, నా యాస గురించిన మాట.

అందుకే ఆ మాటకి బదులు ఆ మీటింగ్ కథ చెప్పాను. అది శ్రద్ధగా విని, ‘అప్పుడు నువ్వేమన్నావమ్మా?’ అంది. ఏమీ అనలేదన్నాను. ‘ఇప్పుడైతే ఏమంటావ్?’ అంది. కాసేపు ఆలోచించి, ‘నేనే చెప్తాను, ఎక్కడైనా అర్థం కాకపోతే అడగమనండి అంటాను’ అన్నాను. ‘అయితే నేనూ అంతే, ట్రయల్‌లో ఏదైనా రాకపోతే అడుగుతాను’ అని తన గదిలోకి వెళ్ళిపోయింది. ట్రయల్‌కి వెళ్ళొచ్చింది. ఫలితం ఇంకా రాలేదు.

నవ్వించే అమ్మ

ఇక ఆ అమ్మ. షాహీన్ ఖాన్ వేసిన పాత్ర. గుండ్రంగా చపాతీ చేయడం రాని పిల్లని ఏ ఇంటివాళ్ళు కోడలిగా చేసుకుంటారని ఆవిడ దిగులు. గోడ మీది బెక్‌హామ్ బొమ్మ చూస్తే ఒళ్ళు మంట. సినిమా ఆవిణ్ణి ఎక్కువగా నవ్వించడానికే వాడుకుంది. కానీ ఒక చిన్న సన్నివేశం ఉంది, డిగ్రీ రోజుల్లో నేను పట్టించుకోనేలేదు.

జెస్ కాలి మీద పెద్ద కాలిన మచ్చ. నిక్కరు వేసుకోవడానికి సిగ్గుపడుతుంది. కోచ్ అడిగితే చెప్తుంది. ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ హీత్రోలో ఓవర్‌టైమ్ చేస్తోంది, ఆకలేసి తనే బ్రెడ్డు మీద బీన్స్ వేడి చేసుకోబోతే బట్టలకి మంట అంటుకుంది, అక్కే కాపాడింది అని. నిజానికి ఆ మచ్చ నటి పర్మీందర్ నాగ్రాది. చిన్నప్పుడు కాలిన మచ్చ. దర్శకురాలు దాన్ని దాచకుండా కథలోకే తెచ్చుకుంది.

హీత్రోలో ఓవర్‌టైమ్. ఈ రెండు మాటల్లో ఆ అమ్మ జీవితమంతా ఉంది. వంట రాదని కూతుర్ని సతాయించే ఆవిడ, ఒకప్పుడు వంట చేసిపెట్టడానికి ఇంట్లో ఉండలేకపోయిన తల్లి. కూతురు నిక్కరు వేసుకుని పదిమందిలో పరిగెడుతుంటే ఆవిడకి ముందు కనిపించేది ఏమిటి? ఆ మచ్చ కనిపించదా? సినిమా ఈ మాట అనదు. నాకు అనిపించింది. ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేసేవాళ్ళకీ, కేర్ హోముల్లో, గోదాముల్లో షిఫ్టులు చేసేవాళ్ళకీ, పిల్లల చేతికి ఇంటి తాళంచెవి ఇచ్చి ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకీ అనిపిస్తుంది. మన కట్టుబాట్లలో కొంత భాగం సంప్రదాయం కావచ్చు. కొంత భాగం మాత్రం, ఆ రోజుల్లో దగ్గర లేకపోయామే అనే దిగులు.

అబద్ధాలు ఎక్కడ మొదలవుతాయి

మా అమ్మాయితో కలిసి చూస్తూ నేనొక లెక్క వేశాను, జెస్ ఎన్ని అబద్ధాలు చెప్పిందా అని. సీడీల దుకాణంలో వేసవి ఉద్యోగం దొరికిందంటుంది. ఆ వంకతో రోజూ ప్రాక్టీసు. జట్టుతో జర్మనీలోని హాంబర్గ్ వెళుతూ బంధువుల ఇంటికని చెప్పిస్తుంది. అక్క పింకీ వెనకేసుకొస్తుంది, ఎందుకంటే అక్కకీ దాచాల్సిన సంగతులున్నాయి. ఆ ఇంట్లో అందరూ ఒకరినొకరు ప్రాణంగా ప్రేమించుకుంటారు, ఒకరికొకరు నిజం మాత్రం చెప్పుకోరు.

జెస్ చెడ్డపిల్ల కాదు. పరీక్షలు బాగా రాసింది, గురునానక్ పటం ముందు కూర్చునే పెరిగింది. నిజం చెప్తే తలుపు మూసుకుంటుందని తెలిసిన పిల్ల కిటికీ వెతుక్కుంది, అంతే. మా అమ్మాయిని అడిగాను, ‘నువ్వయితే నాకు చెప్పేదానివా?’ అని. తడుముకోకుండా, ‘నువ్వు ఏమంటావో ముందే తెలిస్తే చెప్పను. తెలియకపోతే చెప్తాను’ అంది. మన జవాబు పిల్లలకి ముందే తెలిసిపోయి ఉంటే వాళ్ళు ఇక అడగరు. దాచుకోవడం మొదలుపెడతారు. ఈ మాట నేను చాలా రోజులు మనసులో తిప్పుకున్నాను.

పక్కింటి ఇంగ్లీషు అమ్మ

ఇలాంటి భయాలన్నీ మనవాళ్ళకే అనుకుంటే పొరపాటు. జెస్ స్నేహితురాలు జూల్స్ ఇంగ్లీషు పిల్ల. కీరా నైట్లీ వేసింది. వాళ్ళమ్మ పౌలాకీ ఇదే గొడవ. ఎప్పుడూ మగపిల్లాడిలా బంతి వెంట పరిగెడితే దీన్ని ఏ అబ్బాయి చూస్తాడని ఆవిడ దిగులు. ఇంగ్లండ్‌లోనే 1921లో ఫుట్‌బాల్ సంఘం తన క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్ళ ఆటల్ని నిషేధించింది. ఆడవాళ్ళకి ఈ ఆట తగదన్నారు. ఆ నిషేధం దాదాపు 50 ఏళ్ళు నడిచింది. పౌలా తరం అమ్మలు ఆ నీడలో పెరిగినవాళ్ళే. కాబట్టి ‘వాళ్ళకి స్వేచ్ఛ, మనకి కట్టుబాట్లు’ అని మనం తేలిగ్గా అనుకునేదంతా నిజం కాదు.

అయితే పౌలా ఒక మంచి పని చేస్తుంది. ఒకరోజు భోజనాల బల్ల దగ్గర భర్తని కూర్చోబెట్టి, ఉప్పు, మస్టర్డ్ సీసాలనే ఆటగాళ్ళుగా పేర్చుకుని ‘ఆఫ్‌సైడ్’ అంటే ఏమిటో నేర్చుకుంటుంది. హాల్లో అందరూ నవ్వే సన్నివేశమది. నాకు మాత్రం మొత్తం సినిమాలో పనికొచ్చే పాఠం అదే అనిపించింది. కూతురి ఆట ఆవిడకి ఇష్టం లేదు. అయినా దాని భాష నేర్చుకుంది. మర్నాడు నేనూ మా వంటింట్లో ఆవకాయ జాడీ, నెయ్యి డబ్బా, మిరియాల సీసా పెట్టి మా అమ్మాయి చేత చెప్పించుకున్నాను. రెండుసార్లు చెప్పాక అర్థమైంది. ఆ పది నిమిషాలు నా ముందు నిలబడి పాఠం చెప్తుంటే దాని ముఖంలో వెలుగు చూడాలి.

చీరా, జెర్సీ

ఫైనల్ మ్యాచ్ రోజే అక్క పెళ్ళి. పెళ్ళిపందిట్లో జెస్ ముఖం వాడిపోయి ఉండటం చూసి నాన్నే వెళ్ళిరమ్మంటాడు. స్నేహితుడు టోనీ కారులో తీసుకెళతాడు. చివర్లో ఫ్రీ కిక్ కొట్టేటప్పుడు ఎదురుగా గోడ కట్టిన ఆటగాళ్ళ స్థానంలో ఆమెకి చీరల్లో అమ్మా, అత్తలూ, పిన్నులూ కనిపిస్తారు. వాళ్ళని గుద్దుకోకుండా, వాళ్ళ పక్కనుంచి బంతిని వంపు తిప్పి గోల్‌లోకి పంపుతుంది. సినిమా పేరులోని ‘బెండ్’ అదే.

చాలామందికి గుర్తుండేది ఆ గోల్. నాకు ఈసారి నచ్చింది దాని తర్వాతది. మ్యాచ్ గెలిచాక డ్రెస్సింగ్ రూములో జట్టులోని అమ్మాయిలంతా చుట్టూ చేరి జెస్‌కి మళ్ళీ చీర కడతారు. కుచ్చిళ్ళు పెట్టడం రాదు, అయినా ఎలాగోలా కట్టి పెళ్ళికి పంపిస్తారు. ఆట కోసం చీర వదిలెయ్యాలని ఎవరూ అనలేదు, చీర కోసం ఆట వదిలెయ్యాలనీ అనలేదు.

మన ఇళ్ళల్లో ఈ వయసు పిల్లలకి ఓణీల వేడుక చేస్తాం. ఆడపిల్ల ఎదిగిందని పదిమందికీ చెప్పే పండగ. తెనాలి నుంచి మా అమ్మ ప్రతి ఆదివారం ఫోనులో ‘ఈ వేసవిలోనైనా మనవరాలికి ఓణీలు చేయరా?’ అని అడుగుతోంది. మా అమ్మాయికేమో హాలు, వేదిక, వందమంది ముందు కుర్చీలో కూర్చోవడం అంటే ఇబ్బంది. ‘ఇది నా ఒంటి సంగతి కదా, అందరికీ ఎందుకు చెప్పాలి?’ అంటుంది. అదీ న్యాయమే. అలాగని డెబ్బై నాలుగేళ్ళ అమ్మమ్మ తన చేత్తో మనవరాలికి లంగాఓణీ పెట్టాలనుకోవడమూ న్యాయమే. సినిమా చూశాక ఇద్దరినీ వీడియో కాల్‌లో కూర్చోబెట్టి నేను తప్పుకున్నాను. అరగంట బేరం సాగింది. ఇంట్లోనే, దగ్గరివాళ్ళే, మ్యాచ్ లేని రోజున. ఓణీ రంగు అమ్మమ్మ ఇష్టం, పిలుపులు మనవరాలి ఇష్టం. ‘దాని మోకాళ్ళ మీద ఆ దెబ్బలేంటే?’ అని అడిగింది అమ్మ చివర్లో. ఆటలో తగిలినవంటే, ‘నేనూ కబడ్డీ ఆడేదాన్నిలే’ అంది. నలభై ఏళ్ళు దాటిన నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది.

సినిమా చెప్పని సంగతులు

సినిమా అంతా నిజమనుకోకూడదు. జెస్‌కి అమెరికాలో స్కాలర్‌షిప్ వస్తుంది, సాంటా క్లారా యూనివర్సిటీకి విమానమెక్కుతుంది. తను కలలుగన్న అమెరికా ఆడవాళ్ళ లీగ్ మాత్రం 2001లో మొదలై, డబ్బుల్లేక 2003లో మూతపడింది. అంటే సినిమా వచ్చిన ఏడాదికే. నాన్న భయం ఉత్త భయం కాదన్నమాట. జాతి పేరుతో తిట్టిన ప్రత్యర్థిని నెట్టి రెడ్ కార్డు తెచ్చుకున్న సన్నివేశమూ ఉంది కదా, ఆ అవమానాలూ ఉత్తవి కావు.

మరోవైపు 2022 జూలై 31న వెంబ్లీ స్టేడియంలో 87,192 మంది చూస్తుండగా ఇంగ్లండ్ ఆడపిల్లలు జర్మనీని 2-1తో ఓడించి యూరో కప్పు గెలిచారు. 2025లో మళ్ళీ గెలిచారు. ఒక తలుపు మూసుకుంది, ఇంకో తలుపు తెరుచుకోవడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. పిల్లలకి మనం రెండూ చెప్పాలి. భయమే చెప్తే వాళ్ళు ఇంట్లో కూర్చుంటారు, విజయమే చెప్తే మొదటి దెబ్బకే కూలిపోతారు.

సినిమా చివరి భాగంలో జెస్ నాన్న అందరి ముందూ ఒప్పుకుంటాడు. ఆ క్లబ్బువాళ్ళు వెళ్ళగొట్టినప్పుడు తను ఎదురుచెప్పలేదని, మళ్ళీ ఆడనని ఒట్టు పెట్టుకున్నాడని, దానివల్ల నష్టపోయింది తనేనని. కూతురు పోరాడాలి, గెలవాలి అంటాడు. జెస్ వెళ్ళిపోయాక ఆయన కోచ్‌తో కలిసి పార్కులో క్రికెట్ ఆడుతూ కనిపిస్తాడు. ఈ సినిమాలో ఎదిగింది పద్దెనిమిదేళ్ళ జెస్ ఒక్కతే కాదు. అన్నేళ్ళ తర్వాత ఆయనా ఎదిగాడు. ఎదగడానికి వయసు దాటిపోవడమంటూ ఉండదన్నమాట. అమ్మ పాత్రకి మాత్రం సినిమా అంతటి అవకాశం ఇవ్వలేదు. ఆవిడ కథ ఆవిడ నోటితో చెప్పించి ఉంటే బాగుండేదని నా ఫిర్యాదు. బహుశా ఆ భాగం మనకోసం వదిలిపెట్టారేమో.

మీ ఇంట్లో పదకొండు దాటిన పిల్లలుంటే, ఆడపిల్లయినా మగపిల్లాడయినా సరే, ఒక శనివారం కలిసి ఈ సినిమా చూడండి. రెండుచోట్ల ఆపండి. నాన్న తలపాగా కథ చెప్పినచోట ఆపి, ఈ దేశంలో మీకు జరిగిన ఒక సంగతి చెప్పండి. పాఠంలా వద్దు, జరిగింది జరిగినట్టు. జెస్ మొదటి అబద్ధం చెప్పినచోట ఆపి, ‘నువ్వు నాతో చెప్పలేననుకునేది ఏమైనా ఉందా?’ అని అడగండి. వెంటనే జవాబు రాకపోవచ్చు. తొందరపెట్టకండి, సినిమా మళ్ళీ పెట్టండి. నాలుగు రోజుల తర్వాత కారులోనో, అన్నం తింటూనో వాళ్ళే మొదలుపెడతారు. అప్పుడు మధ్యలో అడ్డురాకుండా వినడమే మన వంతు.